గాలి అని రాసిన ట్రాక్

పెట్టె బరువుగానే ఉంది. అందుకే తెరిచేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

రికార్డింగ్ ఇంజనీర్ మూత తీసి, టేపు చుట్టను మెషీన్ మీద ఎక్కించాడు. బటన్ నొక్కాడు. చుట్ట తిరిగింది.

స్పీకర్లలోంచి చిన్న చప్పుడు కూడా రాలేదు.

వాల్యూమ్ పెంచాడు. సన్నగా "స్‌స్‌స్" అని మాత్రం వినిపించింది. అతని మొహం పాలిపోయింది.

"ఇది ఖాళీ టేపు. మన టేపు కాదు."

వెనక నిలబడ్డ బ్యాండ్ వాళ్ళు ముగ్గురూ ఒక్కసారి ముందుకు తోసుకొచ్చారు.

మూడేళ్ళ కష్టం అది. 'నీళ్ళ కింద వీధి' అనే ఆల్బమ్. మొత్తం ఒకే కథ. వరదలో మునిగిపోయిన ఊళ్ళో ఒక మనిషి నీటి అడుగున నడుస్తూ తన ఇల్లు వెతుక్కుంటాడు. పాటకీ పాటకీ మధ్య ఆగడం ఉండదు. గిటార్ వెనక్కి తిరిగి మోగుతుంది, గంటలు నీళ్ళలో మోగినట్టు సాగుతాయి, ఒక్కో వీధి ఒక్కో రంగులో కరిగిపోతుంది. కంప్యూటర్ ముట్టుకోకుండా అంతా పాతకాలపు టేపు మీదే చేశారు. ఆ ధ్వని కోసం అంత పంతం.

మొదటి సగం ఉన్న టేపు క్షేమంగా ఉంది. పోయింది రెండో సగం. మర్నాడు పొద్దున్నే మ్యూజిక్ కంపెనీకి పంపాల్సింది.

పోలీసులకి ఫోన్ చేసింది ఇంజనీరే.

* * *

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. నలభై దాటిన మనిషి. చెప్పులు బయట విడిచి కంట్రోల్ రూమ్‌లోకి వచ్చింది. నేలంతా తివాచీ, గోడలంతా స్పాంజి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"తలుపు పగలగొట్టారా?"

"లేదు మేడమ్."

"ఇంకేమన్నా పోయాయా?"

"ఏమీ పోలేదు. ఆ మైకులు చూడండి. ఒక్కోటి నా ఏడాది జీతం. ముట్టుకోలేదు."

ఆమె ఖాళీ టేపును చేత్తో ఎత్తి చూసింది.

"ఈ పెట్టెలో ఇంకో టేపు ఎందుకు పెట్టినట్టు?"

ఇంజనీర్ తడబడ్డాడు. "బరువు తేడా తెలియకుండా అయ్యుంటుంది."

"బయటి దొంగకి ఆ అవసరం ఏముంది? ఎత్తుకుపోతాడు, అంతే. పెట్టెను మీరు చేత్తో పట్టుకుంటారని తెలిసినవాడే ఈ పని చేశాడు. తాళాలు ఎవరెవరి దగ్గరున్నాయి?"

"నా దగ్గర ఒకటి. బ్యాండ్ వాళ్ళ ముగ్గురికీ తలా ఒకటి." అతను నుదుటి చెమట తుడుచుకున్నాడు. "మేడమ్, మా ఓనరు నన్నే అనుమానిస్తున్నాడు. దొరక్కపోతే సాయంత్రానికి నా ఉద్యోగం ఊడుతుంది."

"మీరు తీశారా?"

"నా చేత్తో నా గొంతు నేనే నొక్కుకుంటానా?"

"సరే. ఈ టేపు పోతే ఆల్బమ్ పోయినట్టేనా?"

"అలా కాదు. పోయింది చివరిగా కలిపిన టేపు. దాన్నే మిక్స్ అంటాం. విడివిడిగా రికార్డ్ చేసిన పెద్ద టేపులు వేరే ఉన్నాయి. ఒక్కో వాయిద్యం, ఒక్కో గొంతు ఒక్కో ట్రాక్ మీద. వాటిని మళ్ళీ కలపొచ్చు. కాకపోతే నెల పడుతుంది."

"అవి బాగానే ఉన్నాయా?"

"పెట్టెలున్నాయి. లోపల టేపులూ ఉన్నాయి."

"వినిపించండి. చివరి పాట."

అతను ఎక్కించాడు. బోర్డు మీద పదహారు చిన్న సూదులు. ప్రతి సూది కిందా తెల్లటి ప్లాస్టర్ ముక్క, దాని మీద పేరు. డ్రమ్స్. బేస్. గిటార్. కీబోర్డ్. గంటలు. చివరిదాని మీద 'గాలి' అని రాసి ఉంది.

పాట మొదలైంది. గదంతా నీలం రంగు పరుచుకున్నట్టయింది. సూదులు ఎగిరెగిరి పడుతున్నాయి.

పదిహేను సూదులు మాత్రమే.

"ఆ చివరిది కదలడం లేదేం?"

ఇంజనీర్ వంగి చూశాడు. "ఓ, అదా? గాలి శబ్దం. ఎక్కడో పొరపాటున చెరిగినట్టుంది. పెద్ద విషయం కాదు మేడమ్, కావాలంటే ఫ్యాను ముందు మైకు పెట్టి మళ్ళీ తీసుకోవచ్చు."

ఇన్‌స్పెక్టర్ తలూపింది.

* * *

ముందు డ్రమ్మర్‌ని పిలిచింది. అందరూ పిడుగు అంటారు. కుర్చీలో కూర్చున్నా మోకాళ్ళు ఆగడం లేదు.

"నువ్వు వేరే బ్యాండ్‌లోకి పోతున్నావట?"

"ఎవరు చెప్పారు? ఇంజనీరేనా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"పోతున్నావా లేదా?"

"పోతున్నా. ఇది పూర్తయ్యాక. మూడేళ్ళు మేడమ్. ఒక్క చావు చుట్టూ మూడేళ్ళు తిరిగాం. నాకూ ఊపిరాడాలి కదా."

"ఎవరి చావు?"

పిడుగు మోకాళ్ళు ఆగాయి.

"లంబూది. మా బేస్ గిటార్ వాడు. వానలో వాగు మీది చప్టా దాటుతూ నడిచొస్తుంటే నీళ్ళు లాక్కుపోయాయి. ఆల్బమ్‌లో ఆ నడిచే మనిషి వాడే. మేమెవరం పైకి అనుకోలేదు. అందరికీ తెలుసు."

"అంత వానలో నడిచి ఎందుకొచ్చాడు?"

"స్కూటరు ఆగిపోయింది. పెట్రోలు బంకు దగ్గర వదిలేసి బయల్దేరాడట. బంకులో ఫోనుంది. ఎవరికన్నా చేస్తే అరగంటలో వెళ్ళేవాళ్ళం." అతను తల దించుకున్నాడు. "చెయ్యలేదు. అదే అర్థం కాదు."

* * *

తర్వాత కీబోర్డ్ వాయించే అమ్మాయి. లంబూ సొంత చెల్లెలు. అన్న పోయాక బ్యాండ్‌లో చేరింది. అందరికీ చెల్లే. పాతికేళ్ళుంటాయి. నిదానంగా కూర్చుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"నిన్న ఆఖర్న వెళ్ళింది ఎవరు?"

"అందరం కలిసే వెళ్ళాం. తాళం నేను వేశాను."

"ఎవరైనా మామూలుగా లేరా?"

"ఎవరూ మామూలుగా లేం. పూర్తయిందిగా."

"ఈరోజు ప్రత్యేకత ఏమన్నా ఉందా?"

"సాయంత్రం మా అమ్మను తీసుకొద్దామనుకున్నాను. మొత్తం వినిపించడానికి. అమ్మ ఇంతవరకూ ఒక్క పాట కూడా వినలేదు. వినను అంది. నేనే ఒప్పించాను. నిన్న వెళ్ళేముందు వీళ్ళందరికీ చెప్పాను."

"వినను అని ఎందుకంది?"

"అన్నయ్య పోయిన రోజు పొద్దున అమ్మ వాణ్ణి బాగా తిట్టింది. సంపాదన లేదు, ఎంతసేపూ సంగీతమే, ఇంటికి రాకు పో అంది. ఆ కోపంతోనే ఇంటికి ఫోన్ చెయ్యలేదని అనుకుంటోంది. బంకులో ఫోను ఉండి కూడా చెయ్యకుండా నడిచాడంటే, నేను రావొద్దన్నందుకేగా అంటుంది. వాన పడితే చాలు, అన్నం మానేస్తుంది."

"టేపు పోయిందంటే నీకు బాధగా లేదా?"

"దొరుకుతుంది లెండి," అంది చెల్లి. ఇన్‌స్పెక్టర్ కళ్ళలోకి సూటిగా చూస్తూ అంది.

* * *

ఆఖర్న పాటలు రాసి పాడేవాడు. గడ్డం అని పిలుస్తారు. ఆ గడ్డం కూడా మూడేళ్ళదే. లంబూకి చిన్నప్పటి నుంచీ స్నేహితుడు, పక్కపక్క ఇళ్ళు.

"మీ టేపు ఎవరు తీసుంటారు?"

"తెలీదండీ. ఎవరైతే ఏం? కేసు వద్దు. మళ్ళీ మిక్స్ చేసుకుంటాం. రేపే మొదలెడతాం."

"నెల పడుతుందట?"

"పట్టనివ్వండి."

"మిగతా వాళ్ళు పోయిన టేపు గురించి మాట్లాడుతున్నారు. మీరు రేపటి పని గురించి చెబుతున్నారు."

అతను వేలిగోళ్ళు చూసుకున్నాడు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు నల్లగా మసి పట్టి ఉన్నాయి. అంత చిన్న మరక కోసం ఆ పెద్ద మనిషి చెయ్యి జేబులో దాచుకున్నాడు.

"సిగరెట్టా?"

"అగ్గిపుల్ల," అన్నాడు. "కాలింది."

* * *

బయట చెట్టు కింద పిడుగు పాత కారు ఆగి ఉంది. ఇన్‌స్పెక్టర్ దాని దగ్గరికి నడిచింది. లోపల కర్రలు, బట్టలు, టీ కప్పులు కలగలిసి ఉన్నాయి.

"కారులో ఏం వింటావు?"

"మా పాటలే మేడమ్. తాళం సరిచూసుకోవాలిగా. రెండు నెలల కింద కచ్చాగా కలిపిన కాపీ ఒకటి కేసెట్ మీద ఎక్కించుకున్నా. గడ్డానికి తెలిస్తే చంపుతాడు. పూర్తికాని పాట ఎవరూ వినకూడదంటాడు."

"చివరి పాట పెట్టు."

సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. పాట సాగింది. మనిషి ఇంటి గుమ్మం దాకా వచ్చాడు. వాయిద్యాలు ఒక్కొక్కటే వెనక్కి తగ్గాయి. అడుగున ఏదో మిగిలింది. లోతుగా, మత్తుగా, సాగిపోతూ.

క... క... క...

"ఇదేమిటి?"

"గాలి ట్రాక్. నేను దాన్ని దరువనుకునే దాని మీద వాయించాను. సరిగ్గా ఒకే దూరంలో కొడుతుంది చూడండి."

ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. మూడోసారి కళ్ళు మూసుకుంది. ఆమె పెదాలు మెల్లగా కదిలాయి. చిన్నప్పుడు, మంచం కింద దాక్కుని, అక్కతో అలా గంటలకొద్దీ మాట్లాడింది.

ఆమె కేసెట్ బయటికి తీసింది.

"అందర్నీ లోపలికి రమ్మను."

* * *

కంట్రోల్ రూమ్‌లో నలుగురూ నిలబడ్డారు. ఇన్‌స్పెక్టర్ బోర్డు పక్కన నిలబడింది.

"దొంగకి ఆల్బమ్ మీద పగ లేదు. పగే ఉంటే మొదటి టేపు కూడా పోయేది. అన్ని ట్రాకులూ చెరిపేసేవాడు. అతను చేసినవి రెండే పనులు. మిక్స్ టేపు ఎత్తుకెళ్ళాడు. పెద్ద టేపులో ఒక్క ట్రాక్ చెరిపాడు. మీరంతా పోయిన టేపు కోసం వెతికారు. మిగిలిన టేపులో ఏం పోయిందో చూడలేదు."

"గాలి శబ్దమేగా మేడమ్?" అన్నాడు ఇంజనీర్.

"దాన్ని రికార్డ్ చేసింది మీరేనా?"

"కాదు. గడ్డం ఒక్కడే కూర్చుని ఎక్కించుకున్నాడు. సగం వేగంతో పెట్టమన్నాడు, పెట్టాను."

"రెండూ పోతే మళ్ళీ మిక్స్ చేయక తప్పదు. మళ్ళీ చేస్తే ఆ గాలి ఉండదు. ఎవరికీ గుర్తు కూడా రాదు. అంతే కావాలి అతనికి. ఈ కేసెట్ సంగతి అతనికి తెలీదు. దీన్ని రెట్టింపు వేగంతో వినిపించండి."

గడ్డం ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక గోడ.

ఇంజనీర్ కేసెట్ పెట్టి మీట తిప్పాడు. డ్రమ్ములు ఆటబొమ్మల్లా టకటకలాడాయి. కీబోర్డ్ కీచుమంది. ఆ గోల మధ్యన ఒక మగ గొంతు లేచి నిలబడింది. మామూలు గొంతు. కొంచెం వణుకుతూ, కొంచెం నవ్వుతూ.

"కన కన్ను కతీ కసు కకె కళ్ళ కరా..."

పిడుగు చెవులు మూసుకున్నాడు. "లంబూ! వాడే! ఏమంటున్నాడు?"

"ప్రతి అక్షరం ముందున్న 'క' తీసెయ్యి," అంది ఇన్‌స్పెక్టర్. "పిల్లలు పెద్దవాళ్ళకి తెలియకూడదని మాట్లాడుకునే క భాష. నన్ను తీసుకెళ్ళరా అంటున్నాడు. బండి ఆగిపోయింది, బంకు దగ్గరున్నాను, నువ్వు రాకపోతే చప్టా మీంచి నడిచొచ్చేస్తా అంటున్నాడు."

ఇంజనీర్ కేసెట్ ఆపాడు.

"అతను ఫోన్ చెయ్యలేదని అందరూ అనుకున్నారు. చేశాడు. చిన్నప్పుడు తనతో ఈ భాష మాట్లాడినవాడికి చేశాడు. ఎత్తని ఫోన్‌లో మాటలు రికార్డ్ చేసుకునే ఆన్సరింగ్ మెషీన్ ఇంట్లో ఉన్నవాడికి." ఆమె గడ్డం వైపు తిరిగింది. "ఈ సాయంత్రం ఆ తల్లి వచ్చి వింటుందని నిన్ననే తెలిసింది మీకు. కొడుకు గొంతును తల్లి గుర్తుపడుతుందని భయపడ్డారు. టేపు ఎక్కడుంది?"

గడ్డం గోడకి ఆనుకుని జారి నేల మీద కూర్చున్నాడు.

"ఇంట్లో. కాల్చేద్దామని అగ్గిపుల్ల వెలిగించాను. వేలు కాలేదాకా పట్టుకున్నాను. కాల్చలేకపోయాను. ఈ ట్రాక్ చెరపడానికైతే రాత్రి ఇక్కడ బటన్ నొక్కితే చాలు, నొక్కేశాను. నొక్కాక ఇక్కడే బోర్లా పడి ఏడ్చాను."

"ఆ రోజు మీరు ఇంట్లో లేరా?" పిడుగు అడిగాడు. స్నేహితుణ్ణి 'మీరు' అన్నాడని కూడా గమనించలేదు.

"ఉన్నాను. ఫోను పక్కనే నిలబడి ఉన్నాను. వాడు మాట్లాడుతుంటే వింటూ ఉన్నాను. ఆ మధ్యాహ్నమే గొడవపడ్డాం. నీ పాటల్లో రంగులున్నాయి, మనిషి లేడు అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా దిగింది. తడవనీ వెధవని, తడిస్తే తిక్క కుదురుతుంది అనుకున్నాను. వాడు ఫోన్ పెట్టేశాక టీ పెట్టుకుని తాగాను. వాన చూస్తూ తాగాను."

"మరి ఆల్బమ్‌లో ఎందుకు పెట్టావు?" పిడుగు అరిచాడు.

"ఎక్కడో ఒకచోట చెప్పాలి కదరా. చెప్పే ధైర్యం లేదు. చెప్పకుండా బతికే ధైర్యమూ లేదు. సాగదీసి, ముంచేసి, అడుగున పెట్టాను. ఎవరికీ వినిపించదనుకున్నాను."

"నాకు వినిపించింది," అంది చెల్లి.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"రెండు నెలల కిందట. దాని మీద నేను కీబోర్డ్ వాయించాలి కదా. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మా అన్నయ్య గొంతు ఎంత సాగదీసినా నాకు స్పీడు పెంచక్కర్లేదు. నన్ను ఆటలో చేర్చుకోకుండా మీరిద్దరూ వసారాలో ఆ భాష మాట్లాడుకునేవాళ్ళు. నేను తలుపు చాటున నిలబడి నేర్చుకున్నాను." ఆమె గడ్డం ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆ రోజు నేను వాయించింది ఎవరి మీదనుకున్నావు అన్నయ్యా?"

"ఎందుకు చెప్పలేదమ్మా?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"ఇతని నోటితో వినాలని. రేపు చెబుతాడు, ఎల్లుండి చెబుతాడు అని చూశాను. అమ్మ వస్తోందని చెబితేనన్నా నోరు విప్పుతాడనుకున్నాను. దొంగతనం చేస్తాడనుకోలేదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఈ రెండు నెలలూ అమ్మ అన్నం మానేసి కూర్చుంటే, పక్కన కూర్చుని నేనూ నోరు మూసుకున్నాను. అది నా తప్పు. దానికి ఇతన్ని అనను."

గడ్డం రెండు చేతులూ ఇన్‌స్పెక్టర్ ముందు చాపాడు.

"నన్ను అరెస్ట్ చెయ్యండి."

"ఏ సెక్షన్ కింద? మీ టేపు మీరే దాచుకున్నారు. దొరికిందని రాసి కేసు మూసేస్తాను. ఈయన ఉద్యోగం నిలబడుతుంది." ఇంజనీర్‌ని చూపించింది. "ఫోన్ ఎత్తనందుకు నా దగ్గర సెక్షన్ లేదు."

చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

"తప్పు నీది," అంది చెల్లి. "మోస్తున్నది మా అమ్మ. లే. పద."

* * *

పిడుగు కారు నడిపాడు. ముందు గడ్డం ఇంటి దగ్గర ఆపారు. అతను లోపలికెళ్ళి ఆల్బమ్ టేపు తెచ్చి ఇంజనీర్‌కి ఇమ్మని పిడుగు ఒళ్ళో పెట్టాడు. ఆన్సరింగ్ మెషీన్‌ని మాత్రం తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ రానక్కర్లేదు. అయినా జీపులో వెనకే వచ్చింది.

లంబూ తల్లి పక్కింటి గుమ్మంలో నిలబడి ఉంది. కూతురితో వెళ్ళడానికి చీర మార్చుకుని తయారుగా ఉంది. పోలీసు జీపు చూసి గుమ్మం పట్టుకుంది.

"ఏమైందే?"

"ఏం కాలేదమ్మా. గడ్డం అన్నయ్య నీతో మాట్లాడాలట."

గడ్డం లోపలికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నాడో లెక్కలేదు. ఈరోజు ఆ గదిలో ఎక్కడ నిలబడాలో తెలియక తలుపు పక్కనే ఆగిపోయాడు.

"పిన్నీ... వాడు ఆ రోజు ఫోన్ చేశాడు. నాకు."

మెషీన్ని బల్ల మీద పెట్టి ప్లగ్ గుచ్చాడు. బటన్ నొక్కాడు. వాన చప్పుడు. ఆ వెనక కొడుకు గొంతు.

ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. చెవి దగ్గరగా పెట్టి, చివరిదాకా విన్నది.

"ఏమిటా మాటలు? ఏమంటున్నాడు?"

చెల్లి నోరు తెరవబోయింది. మళ్ళీ మూసుకుంది. పిడుగు మొహం పక్కకి తిప్పుకున్నాడు. చెప్పాల్సింది ఒక్కడే.

"నన్ను... తీసుకెళ్ళరా అంటున్నాడు పిన్నీ. రాకపోతే నడిచొస్తా అంటున్నాడు."

"నువ్వప్పుడు ఇంట్లో లేవా?"

"ఉన్నాను."

"ఫోనుకి ఎంత దూరంలో ఉన్నావు?"

అతను చెయ్యి చాపి చూపించాడు. అంతే దూరం.

ఆమె మెల్లగా కుర్చీలో కూర్చుంది. ఆ మెషీన్ మీద చెయ్యి వేసింది.

"నా మీద కోపంతో ఎవరికీ చెయ్యలేదనుకున్నాను," అంది. తనతో తనే అన్నట్టు. "చేశాడన్నమాట. నవ్వుతూనే మాట్లాడాడు. భయపడలేదు కదూ?"

"లేదు పిన్నీ. భయపడలేదు."

"మూడేళ్ళు," అంది ఆమె. "మూడేళ్ళు పక్కింట్లోనే ఉన్నావురా. నేను గోడకి తల కొట్టుకుంటుంటే నీకు వినబడలేదా?"

"వినబడింది."

అతను ఆమె కాళ్ళ మీద పడబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది. అతను మోకాళ్ళ మీద, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఆ పాటలన్నీ వాడి గురించేనట కదా. వాటిని జనంలోకి వదలాలా వద్దా అని నన్నే అడుగుతారా?"

"నువ్వు వద్దంటే వదలం అమ్మా," అంది చెల్లి.

"ఇప్పుడు నాకేం తెలీదు." ఆమె లేచింది. మెషీన్ ప్లగ్ తీసి, తీగ చుట్టి, దాన్ని గుండెకి హత్తుకుంది. "ఇది నా దగ్గరుంటుంది."

"ఉంచండి పిన్నీ."

"వెళ్ళు. ఇవాళ నీ మొహం చూడలేను."

గడ్డం లేచి గుమ్మం దాటాడు. ఇన్‌స్పెక్టర్ పక్కకి జరిగి దారి ఇచ్చింది. అతను మెట్టు దిగుతుండగా లోపల్నుంచి మళ్ళీ ఆమె గొంతు వినిపించింది. మెత్తగా లేదు. కరుగ్గానూ లేదు.

"రేపు రా. చిన్నప్పుడు వాడూ నువ్వూ ఆ భాషలో ఏమేం మాట్లాడుకునేవాళ్ళో, అన్నీ చెప్పిపో."